వాడ లైబ్రరీ ముచ్చట్లు – 9: సగం చెప్పాలె

మా ఊరి గుడి ముందు బండ మీద పులి-మేక గీతలు చెక్కి ఉండేవి. ఆ బండ మీద కూర్చునే హక్కు మనకు లేదు కదా, మా నాయన దూరం నుంచి చూసే ఆట నేర్చుకున్నాడు. వాడకొచ్చి బొగ్గుతో నేల మీద గీసి, చింతగింజలతో ఆడేవాడట. నాకూ అట్లనే నేర్పాడు. (మేకలు పులిని ఎట్ల కట్టేస్తాయో మీకు వేరే చెప్పక్కర్లేదు.)

పోయిన నెల ఒక స్కూల్‌కు బోర్డ్ గేములు పట్టుకుపోతే హెడ్మాస్టర్ గారు నన్ను గడప దాటనీయలేదు. "మా పిల్లలకు ఆటలెందుకు సార్, పాసైతే చాలు" అన్నారు. మంచి మనిషే. కానీ లక్షల్లో ఫీజులు తీసుకునే స్కూళ్లలో ఇదే సామాను లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉంటుంది. ఉన్నోళ్ల పిల్లలు ఆడితే చదువు, మన పిల్లలు ఆడితే టైంపాస్.

సరే, మా వాడ లైబ్రరీలోనే మొదలుపెట్టాం. మొదటిది 'దిక్సిట్'. 2008లో ఫ్రాన్స్‌లో వచ్చిన ఆట. పేరు చూసి కంగారుపడకండి, దీక్షితులకు సంబంధం లేదు. లాటిన్‌లో 'చెప్పాడు' అని అర్థం. మొత్తం 84 బొమ్మల కార్డులు, వాటి మీద ఒక్క అక్షరం ఉండదు. ఒకరు తన చేతిలోని ఒక బొమ్మను మనసులో పెట్టుకుని ఒక మాట చెప్పాలి. మిగతావాళ్లు ఆ మాటకు సరిపోయే తమ బొమ్మలు వేస్తారు. అన్నీ కలిపి పరిస్తే, చెప్పినవాళ్లది ఏదో కనిపెట్టాలి. అందరూ కనిపెట్టినా, ఒక్కరూ కనిపెట్టకపోయినా చెప్పినవాళ్లకు సున్నా.

అసలు పెట్టె మా బడ్జెట్‌కు అందలేదు. పాత క్యాలెండర్లు, ఆదివారం పేపర్లు కత్తిరించి అట్టల మీద అతికించాం.

ఎనిమిదో తరగతి పాప ఒకామె ఉంది. బడిలో నోరు తెరవదు. తెరిస్తే "సరైన తెలుగు మాట్లాడు" అంటారట. తన వంతు వచ్చింది. చాలాసేపు బొమ్మ చూసి, "లోపటికి రా అనలే" అంది. తెరిచి ఉన్న తలుపు, బయట ఒక జత చెప్పులు. అదీ ఆమె బొమ్మ. ఐదుగురిలో ఇద్దరు కనిపెట్టారు. ఎట్ల తట్టిందమ్మా అని అడిగాను.

"అంత చెప్తే అందరికి దొరుకుతది సార్. ఏం చెప్పకుంటే ఎవ్వలకు దొరకదు. సగం చెప్పాలె."

ఆనందవర్ధనుడి ధ్వని సిద్ధాంతాన్ని పీజీ పిల్లలకు వారాల తరబడి చెప్తాను. ఇంత శుభ్రంగా ఎన్నడూ చెప్పలేదు. ఆ తలుపు ఎవరిదని మాత్రం ఆమెను అడగలేదు.

రెండో ఆట మనం బిజినెస్ అని ఆడుకున్నదే, మోనోపలీ ఒరవడిలోది. దాని మూలం కనిపెట్టింది అమెరికాలో లిజీ మాగీ అనే మహిళ. భూమి కొద్దిమంది చేతుల్లో పడితే ఏమవుతుందో చూపించడానికే ఆట తయారుచేసి, 1904లో పేటెంట్ తీసుకుంది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె పేటెంట్‌ను 500 డాలర్లకు కొనేసింది. పేరూ డబ్బూ చార్లెస్ డారో అనే ఆయనకు పోయాయి. ఈ కథ మా పిల్లలకు ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని రాలేదు.

నేను పైసలు పంచుతుంటే ఒక పిల్లగాడు ఆపాడు. "అందరికి సమానంగ ఇస్తున్నవ్ కద సార్, మా ఊళ్ల అట్ల ఇయ్యలే."

నిజమే. నియమం మార్చాం. చీటీ తీసి, వచ్చినవాడికి ముందే పది ఊళ్లు రాసిచ్చాం. మిగతావాళ్లకు చేతి ఖర్చుకు కొంచెం. అరగంట కాకముందే నలుగురూ అప్పులపాలయ్యారు. గెలిచినవాడు లేచి నిలబడి, "మస్తు తెలివిగ ఆడిన సార్" అన్నాడు. మిగిలిన నలుగురూ వాడి ముఖంలోకి చూశారు. పది ఊళ్లు రాసిచ్చిన సంగతి వాడు నిజంగానే మరిచిపోయాడు! మొన్నటిదాకా మా వాడ పిల్లగాడే.

వచ్చే ఆదివారం చీటీ ఇంకొకరికి వేస్తాం. కార్డులు నలిగిపోతున్నాయి. మీ ఇళ్లలో పాత క్యాలెండర్లుంటే పారేయకండి, దేవుళ్లవి కాకుండా.