మా చేపలతొట్టి - కరెంటు లెక్క

చిన్ననాడు మా తండ్రిగారు మాచేత భాగవతము చదివించునప్పుడు మత్స్యావతారకథ మాకు మిక్కిలి ప్రియముగా నుండెడిది. సత్యవ్రతుని దోసిట బడిన చిన్నచేప కమండలువున నిముడక, సరస్సున నిముడక, తుదకు సముద్రమున జేరెను. ఆ చేపయే మాయింటికి వచ్చియున్నచో ముందుగా కరెంటు బిల్లులో బెరిగియుండును.

మాయూరు సదుము. మావారు బడిపంతులు. రెండేండ్ల క్రిందట అమ్మాయి కోరికపై మదనపల్లెనుండి రెండడుగుల పొడవును, అడుగు వెడల్పును, అడుగు లోతును గల గాజుతొట్టి తెచ్చి, మూడు గోల్డుఫిష్ చేపలను విడిచితిమి. తొట్టి సుమారు 55 లీటర్లు పట్టును. అమ్మినవారు దానితోపాటు ఫిల్టరును, గాలిమోటారును, ట్యూబులైటును, 100 వాట్ల హీటరును గూడ నంటగట్టిరి.

ఆ చలికాలమున వచ్చిన బిల్లు చూచి మావారు మాటాడలేదు. వారు మాటాడకుండుటయే మాకు భయము. జీతములో కరెంటునకని మేము తీసిపెట్టినది చాలలేదు. ఆ రాత్రియే మేమొక పొదుపు కనిపెట్టితిమి. హీటరు నాపినచో చేపలు చలికి చచ్చునని అమ్మినవారు చెప్పియుండుటచే దానిని ముట్టక, గుయ్యిమని మ్రోగుచుండు మోటార్లనే పండుకొనబోవుచు ఆపితిమి. మనుష్యులు నిద్రించునప్పుడు చేపలకేమి పని యనుకొంటిమి. నాలుగు రాత్రులిట్లు గడచినవి. అయిదవనాటి యుదయమున అమ్మాయి “అమ్మా, చేపలు పైకొచ్చి నోళ్లు తెరస్తా ఉండాయి!” అని కేకవేసెను. రెండు రొప్పుచుండెను. మూడవది వెల్లకిల దేలియుండెను. కరివేపచెట్టు మొదట దానిని పూడ్చితిమి. మోటార్ల నాపినది మేమేయని అమ్మాయితో చెప్పుటకు మాకు రెండుదినములు పట్టినది.

పిమ్మట మావారు బడిలోని సైన్సు పంతులుగారి నడిగి తెలిసికొనివచ్చి మాకు చెప్పిరి. నిద్రించినను చేప ఊపిరి మానదు. నీరు కదలుచున్నప్పుడే పైగాలిలోని ప్రాణవాయువు చాలినంత నీట గలయును. తొట్టిలోని మొక్కలు పగలు ప్రాణవాయువు నిచ్చినను రాత్రి తామే పీల్చుకొనును. వెచ్చని నీట నది మరింత తక్కువగా నిలుచును. అంతియేకాదు. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషము. ఫిల్టరులోని స్పాంజిని పట్టుకొనియుండు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. నీటి పారుదల నిలిచినచో వానికిని ఊపిరాడదు.

ఇక లెక్క. వాట్లను గంటలచే హెచ్చించి వేయింట భాగించిన యూనిట్లు వచ్చును. మనము నెలకు బియ్యమెన్ని శేర్లని చూచుకొనుటకంటె నిది కష్టముకాదు. గాలిమోటారు 3 వాట్లు, ఫిల్టరు 8 వాట్లు. రెండును రేయింబవళ్లు తిరిగినను నెలకు 8 యూనిట్లే. 40 వాట్ల ట్యూబులైటు దినమునకు 14 గంటలు వెలిగినందున 17 యూనిట్లు. హీటరు ఆగుచు రాజుచు దినమునకు 12 గంటలు పనిచేసెననుకొన్న 36. మొత్తము 61. మన రాష్ట్రమున 2022 ఏప్రిల్‌లో వచ్చిన పట్టికలో 125 దాటి 225 వరకు యూనిటుకు 6 రూపాయలు. మాయింటి వాడుక తొట్టిలేకయే 150 దాటుచుండుటచే, తొట్టి యూనిట్లన్నియు ఆ మెట్టుమీదనే పడి నెలకు 366 రూపాయలైనవి. ఇంత ఖర్చులో మేము పొదుపుచేయబోయినది చేపల ఊపిరి!

గోల్డుఫిష్ చైనాదేశమునుండి వచ్చినది, చల్లని నీటి కలవాటుపడినది. మాయూరి చలికి దానికి హీటరే యక్కరలేదు. దినమునకొక డిగ్రీ తగ్గించుచు వచ్చి దానిని తీసివేసితిమి. ట్యూబులైటునకు బదులు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పెట్టి 8 గంటలే వెలిగించుచున్నాము. నెలకు 2 యూనిట్లు. కిటికీయొద్ద నుంచిన వెలుతురు ఉచితమని ఆశపడి తొట్టిని జరిపితిమిగాని, పదిదినములలో నీరు పచ్చబడి చేపలే కానరాకపోయెను. నీరంతయు తోడి మరల గోడప్రక్కకు జరిపిన సంగతి తలచుకొని మాయత్తగారు నేటికిని నవ్వుదురు.

మీయింట ఫైటరు చేపయున్నచో హీటరు తీయకుడు. అది థాయిలాండు ప్రాంతపు వెచ్చని నీటిది. తొట్టికి గాలియాడు సందువిడిచి మూత వేయుడు; మూతలేనిచో వేడి చాలవరకు ఆవిరితో బోవును. అడుగునను, వెనుకను, ప్రక్కలను థర్మోకోలు పలకలుంచుడు. హీటరును 29 డిగ్రీలకు గాక 25 డిగ్రీలకు పెట్టుడు. నీట చేయిపెట్టునప్పుడు ముందుగా ప్లగ్గు పెరికివేయుట మరువకుడు.

ఇప్పుడు మా తొట్టికి నెలకు 10 యూనిట్లు. రాత్రి మోటారు చప్పుడాగినచో అమ్మాయికి మెలకువ వచ్చును. కరెంటు పోయిన రాత్రులలో చెంబుతో నీరు ముంచి పైనుండి ధారగా మరల అందే పోయుచు మేమిద్దరము కూర్చుందుము. మిగిలిన చేపలు రెండును జానెడు కావచ్చినవి. తొట్టి చాలదని అమ్మాయి యనుచున్నది. మావారు మరల మాటాడుట మానిరి.