కొద్దిపాటి పైకంతో రోము నగరం

పరిమితమైన పైకంతో వేసవిలో రోము చేరిన భారతీయ యాత్రికుణ్ణి మొదట పీడించేది దాహం. నీళ్ళ సీసా వెలను రూపాయల్లోకి మార్చుకుంటే గొంతు మరింత ఎండుతుంది. కాని 1874 నుంచి వీధుల్లో వెలసిన పోతయినుప కుళాయిలు నేటికీ చల్లని మంచినీటిని ఉచితంగా ధారపోస్తున్నాయి. వంగనవసరం లేదు, గొట్టపు మొనను వేలితో మూస్తే, పైనున్న చిన్న రంధ్రంలోంచి నీరు చిమ్మి నోటికందుతుంది. ఇక కాఫీ అంటారా, నిలబడి త్రాగడమే చవక.

పురాతనమైన పాంథియన్ ఆలయానికి 2023 జూలైలో ప్రవేశ రుసుము విధించారు. దానికి కూతవేటు దూరంలోని శాన్ లుయిజీ చర్చిలో మాత్రం, కారవాజ్జో 1599–1602 మధ్య చిత్రించిన మూడు మహాచిత్రాలను రుసుము లేకుండానే చూడవచ్చు. ఇలాంటి చర్చిల్లో చీకటి మూలనున్న పటాలపై దీపం వెలగాలంటే తరచు పెట్టెలో నాణెం వేయాలి. పొదుపరి యాత్రికుడు తొందరపడడు. స్తంభం ప్రక్కన నిరీక్షిస్తాడు. ఎవరో ఒకరు వేస్తారు.