బనియన్లో జీపీఎస్, తెర మీద అంకెలు

గోలు కొట్టిన ఆనందంలో ఫుట్‌బాల్ ఆటగాడు చొక్కా విప్పేస్తే లోపల కురచ బనియనొకటి కనబడుతుంది, చూసే ఉంటారు. దాని వెనక, రెండు భుజాల మధ్య జేబులో అరచేతిలో పట్టేంత పరికరం ఉంటుంది. జీపీఎస్, యాక్సిలరోమీటర్, జైరోస్కోప్ అన్నీ అందులోనే. ఆట నియమాలు చూసే ఐఎఫ్ఏబీ 2015లో వీటిని మ్యాచుల్లోకి కూడా రానిచ్చింది. ఇక కోచ్‌గారి ల్యాప్‌టాప్ నిండా అంకెలే. ఎంత దూరం పరిగెత్తాడు, ఎన్ని స్ప్రింట్లు, ఎన్నిసార్లు ఒక్కసారిగా వేగం పెంచాడు...

నాకు నచ్చనిదల్లా వీటన్నిటినీ "కొలిచిన" అంకెలనడం. కొలిచింది కొంతే, మిగతాది లెక్క కట్టింది.

ఎలాగంటే, ఈ జీపీఎస్ మామూలుగా సెకనుకి 10 రీడింగులిస్తుంది. మొత్తం దూరం బాగానే వస్తుంది. చిక్కంతా త్వరణం దగ్గరే. రెండు రీడింగుల మధ్య వేగం తేడాలో సెకనుకి 0.1 మీటరు తప్పొచ్చిందనుకోండి. దాన్ని 0.1 సెకనుతో భాగిస్తే త్వరణంలో తప్పు 1! "గట్టి త్వరణం" అనడానికి చాలామంది పెట్టుకునే హద్దేమో 3. అందుకే ఫిల్టర్ వేస్తారు. ఫిల్టర్ మారితే లెక్క మారుతుంది. హద్దు పైన ఎంతసేపుంటే ఒకటిగా లెక్కపెట్టాలో మార్చినా మారుతుంది. స్టేడియం కప్పు ఉపగ్రహాలకి అడ్డమొస్తే మళ్ళీ ఇంకోలా. మార్టిన్ బుక్‌హైట్ బృందం 2014లో ఇదే చూపించింది. డజన్లకొద్దీ పరికరాలు ఒకే బండి మీద పెట్టి లాగిస్తే త్వరణాల లెక్కలు ఒకదానితో ఒకటి కలవలేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోనూ లెక్కలు మారిపోయాయి.

ఇప్పుడు గాయం నుంచి కోలుకుని వచ్చిన కుర్రాణ్ణి ఊహించుకోండి. పోయిన సీజన్‌తో పోల్చి "తగ్గాడు" అని బెంచీ మీద కూర్చోబెట్టారు. తగ్గింది వాడి కాళ్ళ సత్తువా, మధ్యలో మారిన ఫిల్టరా?

మందు పెద్ద కష్టమైందేం కాదు. ముడి డేటా దాచాలి. ప్రతి అంకె పక్కన ఫిల్టర్ వెర్షనుండాలి. ఒక్కో ఆటగాడికి ఎప్పుడూ అదే పరికరమివ్వాలి. ఉపగ్రహాలు సరిగా అందని నిమిషాల్ని పక్కన పెట్టాలి. వెర్షన్ నెంబరు లేని బిల్డ్ ప్రొడక్షన్‌కి పంపితే మనల్ని ఊరుకుంటారా?

ఆ కోడ్ రాసేది మనలాంటి వాళ్ళే కదా. టైంషీట్ అంకెలు చూసి మన పనితనం తేల్చేస్తే ఎంత గొణుక్కుంటాం! ఆ కుర్రాడికి అంకె ఎలా పుట్టిందో కూడా తెలీదు. అది చెప్పాల్సింది మనమే అని నా అభిప్రాయం. ఏమంటారు?