తూకం రాయని సీసా

మా అక్క తెనాలి నుంచి వీడియో కాల్ చేసేసరికి నేను అమెరికాలోని ప్లేనోలో ఒక మందుల షాపులో, విటమిన్ల అరల ముందు నిలబడి ఉన్నాను. ఊరికి బయల్దేరడానికి ఇంకా నెల ఉంది. అయినా సూట్‌కేసులు అప్పుడే హాల్లోకి వచ్చేశాయి. బాదంపప్పు, చాక్లెట్లు, బావగారి మోకాళ్లకు పట్టీలు కొనేశాను. "ఆ గార్సీనియా సీసాలు మర్చిపోకే. రెండు చాలు. పెద్దదాని పెళ్లిలోపు నేను ఐదు కిలోలన్నా తగ్గాలి" అంది అక్క.

సీసా తీసి వెనక్కి తిప్పాను. అక్కడే నాకు ఒళ్లు మండింది.

ముందువైపు పెద్ద పెద్ద అక్షరాలు, బుల్లి గుమ్మడికాయలా గాట్లు పడ్డ పసుప్పచ్చ పండు బొమ్మ. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో "ప్రొప్రైటరీ బ్లెండ్, 1,200 మిల్లీగ్రాములు" అని ఒక వరస. దాని కింద గార్సీనియా, గ్రీన్ టీ సారం, పచ్చి కాఫీ గింజల సారం, రాస్ప్‌బెర్రీ కీటోన్లు, కెఫీన్ అని పేర్లు. ఏది ఎంత వేశారో ఒక్కదానికీ రాయలేదు. రాయక్కర్లేదట. మొత్తం బరువు చెప్పి, ఎక్కువ వేసింది ముందు, తక్కువ వేసింది తర్వాత రాస్తే ఇక్కడి చట్టానికి సరిపోతుంది. ఆ 1,200లో మొదటి పేరు వాటా 1,100 కావచ్చు, 300 కావచ్చు. డబ్బిచ్చి కొని మింగేవాళ్లకు అది తెలిసే దారే లేదు.

నేను కిరాణాకొట్టులో పెరిగినదాన్ని. నాన్న చింతపండు తూచేటప్పుడు త్రాసు ముల్లు కొనేవాళ్ల వైపు తిరిగి ఉండేది. ముల్లు నిలబడేదాకా ఆగి, "చూశావామ్మా?" అని అడిగి, అప్పుడు కాగితంలో పోసి పురికొస చుట్టేవాడు. ఒక వానాకాలం 200 గ్రాముల ఇనపరాయి జారి గచ్చు మీద పడి అంచు విరిగింది. విరిగింది చిటికెడే, కంటికి ఆనదు కూడా. కానీ రాయి తేలికైతే సరుకు తక్కువ తూగుతుంది కదా! నాన్న దాన్ని వెంటనే తీసి చిట్టా పుస్తకం మీద బరువుగా పెట్టేశాడు. తూనికలు కొలతల వాళ్లు వచ్చి ముద్ర వేసిన కొత్త రాయి చేతికొచ్చేదాకా, 200 గ్రాములు కావాలన్నవాళ్లకి వంద రాయితో రెండుసార్లు తూచాడు. ఆ రెండోసారి పొట్లం కట్టడం అక్కదీ నాదీ పని.

ఈ దేశాన్ని తీసిపారేయడానికి నేనిది రాయడం లేదు. పందొమ్మిదేళ్లుగా ఇక్కడ అన్నం తింటున్నాను. లెక్క రాసి పెట్టడమంటే ఏమిటో నేర్పింది ఈ దేశమే. బిస్కట్ ప్యాకెట్ మీద సోడియం ఎంత, చక్కెరెంత, కొవ్వెంత అని విడివిడిగా అంకెలుంటాయి. 1990లో చట్టం చేసి మరీ రాయించారు. అటువంటి దేశం నాలుగేళ్లు తిరక్కుండా, 1994లో, ఈ సప్లిమెంట్ల కోసం వేరే చట్టం తెచ్చింది. అమ్మేముందు ఇది పనిచేస్తుందని, హాని చేయదని ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి రుజువు చూపించి అనుమతి తీసుకోనక్కర్లేదు. అమ్మకాలు మొదలయ్యాక ప్రమాదం బయటపడితే, దాన్ని నిరూపించి ఆపించే భారం ప్రభుత్వానిదే. బరువు తగ్గిస్తుందని ఎఫెడ్రా అనే మూలికను అలాగే ఏళ్ల తరబడి అమ్మారు. 2003లో స్టీవ్ బెక్లర్ అనే బేస్‌బాల్ ఆటగాడు, ఇరవైమూడేళ్ల కుర్రాడు, అది వాడుతూ వడదెబ్బకు చనిపోయాడు. 2004లో గానీ నిషేధం రాలేదు. బిస్కట్‌కి ఉన్న కట్టడి గుండె వేగాన్ని మార్చే గుళికకి ఎందుకు లేదు?

ఇక ఆ పండు సంగతి. గార్సీనియా అంటే ఏదో అమెరికా పండనుకుంటోంది అక్క. అది మన పడమటి కనుమల్లో కాసే మలబారు చింత. మలయాళీలు కుడంపుళి అంటారు. ఎండబెట్టి, పొగబెట్టి, నల్లగా తోలులా అయ్యాక చేపల కూరలో వేస్తారు. మనం చేపల పులుసులో చింతపండు పిండినట్టే. ఆఫీసులో నా పక్క సీటావిడ ఈ సీసాల గురించే మాట్లాడుతూ "మీ ఇండియా మూలికే కదా" అంది. నాకు చివుక్కుమంది. కేరళలో ఏ తల్లీ నడుం సన్నబడడానికి కుడంపుళి వండలేదమ్మా, పులుపు కోసం వండింది అని చెప్పాను. కూరలో దాని పని అది నిక్కచ్చిగా చేస్తుంది. చేయలేని పనిని దాని నెత్తిన పెట్టింది సీసాలో పోసి అమ్మినవాళ్లు.

ఆ పండు తొక్కలో హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం ఉంటుంది. తిన్న పిండిపదార్థాన్ని ఒంట్లో కొవ్వుగా మార్చే దారిలో ఒక ఎంజైముంది, దాన్ని ఇది అడ్డుకుంటుంది. ఎలుకల్లో ఫలితం కనిపించింది కూడా. కానీ ఎలుక పిండిని కొవ్వుగా మార్చుకున్నంతగా మనిషి మార్చుకోడు. మన ఒంట్లో పేరుకునేది చాలావరకు మనం నేరుగా తిన్న కొవ్వే. న్యూయార్క్‌లో 135 మంది లావుపాటివాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకి రోజుకి 1,500 మిల్లీగ్రాముల ఆ ఆమ్లం, రెండో జట్టుకి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. రెండు జట్లకీ ఒకటే పథ్యం. ఆ ఫలితం 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. 12 వారాలకు గార్సీనియా వాళ్లు సగటున 3.2 కిలోలు, ఉత్తుత్తి మాత్రల వాళ్లు 4.1 కిలోలు తగ్గారు. ఆ తేడా కూడా లెక్కలోకి వచ్చేది కాదన్నారు. అంటే తగ్గించింది పథ్యం. ఇది తేలి పాతికేళ్లు దాటినా సీసా అరలోనే ఉంది.

పచ్చి కాఫీ గింజల కథ నన్ను ఇంకా బాధపెడుతుంది, ఎందుకంటే అందులో మన బెంగళూరు ఉంది. 2012లో ఇక్కడి టీవీలో బాగా పేరున్న డాక్టర్ ఓజ్ ఈ గింజల్ని ఆకాశానికెత్తేశారు. ఆధారంగా చూపింది బెంగళూరులో పదహారు మంది మీద చేసిన ఒక చిన్న పరీక్ష. ఆ పరీక్ష చేసినవాళ్లు మనుషుల బరువుల అంకెల్ని పదేపదే మార్చారని, ఎవరు అసలు మందు తీసుకున్నారో ఎవరు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నారో తారుమారు చేశారని, వ్యాపార మోసాల మీద కన్నేసి ఉంచే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. డబ్బిచ్చి పరీక్ష చేయించిన టెక్సస్ కంపెనీ 2014లో 35 లక్షల డాలర్లకు రాజీపడింది. అదే ఏడాది ఆ పరిశోధనా పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఓజ్‌ని సెనెట్ కమిటీ ముందు కూర్చోబెట్టి సెనెటర్ క్లెయిర్ మెకాస్కిల్ నిలదీశారు. అంత పేరున్న మనిషిని అందరూ చూస్తుండగా అడిగే ఆ ధైర్యానికి నేను ఈ దేశానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ బరువు తగ్గడం మీద చేసిన పరీక్షలోనే తూకం మార్చారన్న మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్న పక్కన పెట్టేసిన ఆ విరిగిన రాయే కళ్లముందు ఆడింది.

ఆ అరల్లో కనిపించే మిగతావాటి గురించి రెండు ముక్కలు చాలు. రాస్ప్‌బెర్రీ కీటోన్లను విడిగా మనుషుల మీద సరిగ్గా పరీక్షించిన దాఖలా లేదు. క్రోమియం మాత్రలకు పరీక్షల్లో తేలింది సగటున ఇంచుమించు ఓ కిలో తేడా. కొంజాక్ దుంప నుంచి తీసే గ్లూకోమన్నన్ ఒక రకం పీచు. కడుపులో ఉబ్బి నిండుగా అనిపిస్తుంది. రోజుకి 3 గ్రాములు, తిండి తగ్గించి, గ్లాసులకొద్దీ నీళ్లతో తీసుకుంటే కొంత సాయపడుతుందని యూరప్ వాళ్లు ఒప్పుకున్నారు. నీళ్లు చాలకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది.

పనిచేయకపోతే డబ్బులే కదా పోయేది అంటారు. మా వీధిలో ఒకావిడ, మన గుంటూరు వైపు మనిషే, కిందటేడాది కళ్లు పచ్చబడి ఆసుపత్రిలో చేరింది. తోడుగా నేనే కూర్చున్నాను. "ఏం మందులు వాడుతున్నారు?" అని డాక్టరు మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "ఏమీ లేవండి" అంది. అబద్ధం కాదు. ఆవిడ లెక్కలో అది మందు కాదు, పండూ ఆకూ. నాలుగోసారి "గుళికలు, పొడులు, ఏవైనా?" అని అడిగితే అప్పుడు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇలాంటి సీసానే తీసింది. డాక్టరు దాన్ని దీపం కిందికి తీసుకెళ్లి వెనకవైపు చదివింది. ఆ అక్షరాల్లో ఆవిడకీ అంకెలు దొరకలేదు. గుళికలు ఆపాక కాలేయం కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది.

గార్సీనియా వల్లా, గ్రీన్ టీ సారం వల్లా కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఉన్నారని ఇక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ లివర్‌టాక్స్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేసి అందరికీ ఉచితంగా పెట్టింది. మరిగించిన నీళ్లలో ఆకు వేసుకు తాగే టీతో మామూలుగా భయం లేదు. సప్లిమెంట్ల ద్వారా గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన ఒంట్లోకి వెళ్తే కాలేయం ఎంజైములు పెరుగుతున్నాయని 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. సరే, ఎనిమిది వందలదాకా వెళ్లకూడదు. నా చేతిలో ఉన్న సీసాలో ఎంతుంది? రాయలేదు. మళ్లీ అక్కడికే వచ్చాను, ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నాను.

నాన్న కొట్టుతో పోల్చుకుంటూ ఊరికి మార్కులు వేసుకుందామంటే, అదీ ఇప్పుడు నిలబడడం లేదు. కిందటిసారి వెళ్లినప్పుడు తెనాలిలో మందుల కొట్టు గల్లాపెట్టె పక్కనే ఇలాంటి డబ్బాలు ఇంత ఎత్తున పేర్చి ఉన్నాయి. మా కొట్టున్న చోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. త్రాసు పళ్లేలు మా అమ్మ అటక మీద దాచింది. వాటిలో ఒకదానిలో చాలాకాలం ఒడియాలు ఎండబెట్టేది. ఎండలో ఇత్తడి వేడెక్కితే ఒడియం అడుగు కాస్త ఎర్రబడేది. ఆ ఎర్రబడినవాటి కోసం అక్కా నేనూ కొట్టుకునేవాళ్లం.

"ఏంటే, ఫోన్ పట్టుకుని అలా నిలబడ్డావ్?" అంది అక్క.

కెమెరా తిప్పి సీసా వెనకవైపు చూపించాను. ఒక్కో పేరూ తెలుగులో చదివి చెప్పాను. అక్క కళ్లజోడు పెట్టుకుని ఫోను దగ్గరికి జరుపుకుంది.

"బానే ఉంది. ఒక్కోటీ ఎంతెంత?"

"రాయలేదక్కా. మొత్తం రాశారంతే."

"అదేంటే? విడివిడిగా చెప్పకుండా ఎలా అమ్ముతారు?"

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అక్కే, "రాసింది ఇంకోటేదైనా ఉందేమో చూడు" అంది. పై అరలో దొరికింది. కెఫీన్ 200 మిల్లీగ్రాములు అని స్పష్టంగా రాశారు. "ఇది రెండు కప్పుల కాఫీ అక్కా" అన్నాను.

"కాఫీ నేను తాగుతూనే ఉన్నా కదే" అంది అక్క. "రెండూ అక్కడే పెట్టెయ్. ఇంతకీ ఏ తారీకున దిగుతున్నావో అది చెప్పు."