ముందు చెదిరి, తర్వాత సర్దుకునే పేజీ

మన గ్రూపులో వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామందే ఉన్నారు. అందుకే ఈసారి మేం చేసిన ఒక పని గురించి రాస్తున్నాం.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే కొందరు అక్కలకి ఒక చిన్న వెబ్ పేజీ ఉంది. పొద్దున్నే వేలంపాట అయ్యాక వంజరం, చందువ, రొయ్యల రేట్లు అందులో పెడతారు. చూసినవాళ్లు అందులోనే నొక్కి ఆర్డర్ ఇస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ ఖాళీలో పేజీ బాగుచేసే పని మాకు అప్పజెప్పారు.

అంతకుముందు ఎవరో "స్పీడ్ పెంచాం" అని చేసిచ్చారు. స్పీడ్ టెస్టులో మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ జెట్టీ మీద ఫోన్లో తెరిస్తే ముందు తెల్లటి తెర మీద నల్ల అక్షరాలు, కింద గీతలున్న నీలం లింకులు, తెర దాటిపోయే ఫొటోలు. రెండు మూడు సెకన్లకి అన్నీ ఒక్కసారిగా ఎగిరి వాటి చోటుకి వెళ్తాయి. ఈలోపు వంజరం నొక్కబోయిన వేలు రొయ్యల మీద పడుద్ది. ఒక అక్క అడిగేసింది: "ఏటి బాబూ ఇది, మన పేజీయేనా, ఎవడైనా మోసగాడిదా?"

దీన్నే ఫ్లాష్ ఆఫ్ అన్‌స్టైల్డ్ కంటెంట్ అంటారు. హెడ్‌లో ఇచ్చిన సీఎస్‌ఎస్ ఫైలు వచ్చేదాకా బ్రౌజర్ మామూలుగా తెర మీద ఏమీ గీయదు. ఆ ఆగడం వల్లే ఆలస్యమని చాలామంది ఆ ఫైలుని వెనక నుంచి వచ్చేలా పెడతారు. లింకులో మీడియా 'ప్రింట్' అని రాసి, ఫైలు దిగాక 'ఆల్' అని మార్చే కిటుకు అదే. అప్పుడు బ్రౌజర్ ఆగదు, బట్టలు కట్టని పేజీనే చూపించేస్తది. మంచి వైఫైలో రెండూ దాదాపు ఒకేసారి వస్తాయి కాబట్టి తేడా తెలీదు. సిగ్నల్ ఒక్క గీత ఉన్నచోటే బయటపడుద్ది.

మేం చేసినవి ఇవి. తెరవగానే కనబడే భాగానికి, అంటే పేరు, రేట్ల పట్టిక, ఆర్డర్ బటన్‌కి కావాల్సిన సీఎస్‌ఎస్ మాత్రం తీసి హెచ్‌టీఎంఎల్ హెడ్‌లోనే రాసేశాం. మిగతాది వెనక వస్తది. సర్వర్ మామూలుగా మొదటి విడతలో సుమారు 14 కేబీ పంపుద్ది. కంప్రెస్ చేశాక మొదటి తెరకి కావాల్సినదంతా అందులో పట్టేలా చూశాం.

తర్వాత ఫాంట్. ఒత్తులు, గుణింతాలు ఉంటాయి కాబట్టి తెలుగు ఫాంట్ ఇంగ్లీషుదానికంటే బరువు. అది రాకపోతే క్రోమ్ సుమారు 3 సెకన్లు అక్షరాలు దాచేస్తది. 'ఫాంట్ డిస్‌ప్లే స్వాప్' పెడితే ముందు ఫోన్లో ఉన్న ఫాంట్‌తో చూపిస్తది, కానీ తర్వాత మారేటప్పుడు వరసలు కదుల్తాయి. రేట్ల పేజీకి సోకులెందుకని ఫోన్లో ఉన్న తెలుగు ఫాంట్‌నే వాడాం.

ఫొటోలకి వెడల్పు, ఎత్తు ముందే రాశాం, వాటి చోటు ఖాళీగా ఉండి కింద ఉన్నవి దూకవు. ఇలా దూకడాన్ని గూగుల్ లేఅవుట్ షిఫ్ట్ పేరుతో కొలుస్తది, 0.1 లోపు ఉంటే మంచిది.

ఇంకో దారి కూడా చెప్తారు: సీఎస్‌ఎస్ వచ్చేదాకా పేజీ మొత్తం దాచేయడం. మేం దాని జోలికి పోలేదు. ఫైలు మధ్యలో ఆగిపోతే రేటు కూడా కనబడదు. అందం లేకపోయినా రేటు కనబడితే పని జరుగుద్ది.

టెస్ట్ చేసేటప్పుడు క్రోమ్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, స్లో నెట్‌వర్క్ ఎంచుకుని, క్యాషే ఆపెయ్యండి. క్యాషే ఉంటే రెండోసారి ఈ చెదురు కనబడదు, పోయిందనుకుంటాం.

ఇదంతా మీకెందుకంటే, బోటు ఒడ్డు వదిలి దూరం పోయాక సిగ్నల్ ఎలా పల్చబడుద్దో, పాడేరు దాటి లోపలి ఊళ్లకి పోతే మనకీ అంతే. స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి గుట్టెక్కిన పిల్లకి పేజీ ఇలా చెదిరి కనబడితే, దొంగ సైటని భయపడి మూసేస్తది. ఆఖరి తేదీ దాటిపోద్ది. సిటీ వైఫైలో కూర్చుని కట్టేవాళ్లకి ఆ గుట్ట కనబడదు, మనకి కనబడుద్ది. కాబట్టి ఈ పని నేర్చుకునేవాళ్లు సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ పేజీని అక్కడి ఫోన్లో, అక్కడి సిగ్నల్ మీద ఒకసారి తెరిచి చూడండి. ఎక్కడ ఆగిందో చెప్పండి, కలిసి చూద్దాం.