అలా తిరిగొస్తాను

ఈ మధ్య రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా ఇంట్లో నన్ను వెతకాలంటే వంటింట్లో కాదు, ఒక దీవిలో వెతకాలి. కంగారు పడకండి, ఆ దీవి మా హాల్లో టీవీలోనే ఉంది. పేరు కవావీ. అక్కడ సముద్రం ఉంది, మంచుకొండ ఉంది, గుర్రం ఉంది. నేను చెయ్యాల్సిన పని మాత్రం ఒక్కటీ లేదు. ఆ చివరి మాట కోసమే ఇవాళ ఇదంతా రాస్తున్నాను.

కిందటి వేసవిలో మా ఆడపడుచు న్యూజెర్సీ నుంచి వస్తూ, వాళ్ళ పిల్లలు ఆడటం మానేసిన నింటెండో స్విచ్‌ని మా పిల్లల కోసం పట్టుకొచ్చింది. దాంతోపాటు వచ్చిన ఆటల్లో ఒకటి ‘గో వెకేషన్’. బందాయ్ నామ్కో అనే జపాన్ కంపెనీ తయారుచేసిన ఆట. 2011లో వీ అనే పాత యంత్రానికి వచ్చిందట, 2018లో స్విచ్‌కి మళ్ళీ తెచ్చారట. ఇంటర్ చదివే మా అమ్మాయి, తొమ్మిదో తరగతి అబ్బాయి రెండు వారాలు దాంతో కుస్తీ పట్టి, తర్వాత కార్ల ఆటకి వెళ్ళిపోయారు. మిగిలిపోయిన కూర చివరికి ఎవరి పాలో మీకు తెలుసు కదా! ఆటా అలాగే నా పాలిట పడింది.

చూడనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. కవావీ దీవిలో నాలుగు రిసార్టులు ఉంటాయి. సముద్రతీరంలో ఒకటి, పట్నంలో ఒకటి, మంచులో ఒకటి, కొండల్లో ఒకటి. వాటన్నిట్లో కలిపి యాభైకి పైగా చిన్న చిన్న ఆటలు. బీచ్ వాలీబాల్, సముద్రం అడుగున ఈత, అలల మీద సర్ఫింగ్, మంచుముద్దలు విసురుకోవడం, నది సుడుల్లో తెప్ప నడపడం, అలా. అయితే ఇవి ఒక జాబితాలో వరసగా ఉండవు. దీవి అంతా మన ముందు పరిచి ఉంటుంది. నడుచుకుంటూనో, బండి మీదో, చక్రాల బూట్లతోనో, గుర్రమెక్కో వెళ్తుంటే దారిలో అక్కడొక ఆట, ఇక్కడొక ఆట తగులుతుంది. ఆడితే ఆడొచ్చు, లేకపోతే చూసుకుంటూ సాగిపోవచ్చు.

చేతుల్లో పట్టుకునేవి రెండు చిన్న ముక్కలు. జాయ్‌కాన్ అంటారు. అరచేతిలో ఇమిడిపోతాయి. చెయ్యి ఎంత వేగంగా కదిలిందో, మణికట్టు ఎటు వంగిందో కనిపెట్టే సెన్సర్లు వాటిలో ఉంటాయి. బటన్లతో ఆడే వీలు కూడా ఉంది కానీ నాకు ఆ బటన్లు ఎక్కలేదు. చెయ్యి ఊపితే అయ్యే పని మాత్రం మొదటి రోజే వచ్చేసింది. ఎందుకు రాదు చెప్పండి? చేట చెరిగిన మణికట్టు, నూతిలోంచి బొక్కెన తోడిన భుజాలు, పాతికేళ్ళుగా చపాతీలు ఒత్తిన చేతులు ఇవి. వాలీబాల్‌లో మా వాడిని మొదటిసారి ఓడించినప్పుడు వాడు నోరు తెరిచి “అమ్మా, నువ్వెక్కడ నేర్చుకున్నావ్?” అన్నాడు. “మీ అమ్మమ్మ ఇంట్లో, చేట దగ్గర” అన్నాను. వాడికి అర్థం కాలేదు.

కానీ నన్ను పట్టుకున్నది ఆ గెలుపులు కాదు, తిరగడం. పిల్లలు ఆ దీవిలోకి దిగగానే మ్యాప్ తెరిచి ఏ ఆట దగ్గర ఎన్ని పాయింట్లో చూసి అక్కడికి పరుగెత్తేవాళ్ళు. నేను సముద్రం ఒడ్డున మొదలుపెట్టి, రోడ్డు ఎటు తీసుకెళ్తే అటు పోయేదాన్ని. “అమ్మా, అటు ఏమీ లేదు” అని మా అమ్మాయి చెప్పేది. “ఏమీ లేదంటే నాకే పనీ లేదనే కదా” అని అటే పోయేదాన్ని. కొండ రిసార్టులో గుర్రమెక్కి, కళ్ళెం విదిలించినట్టు చేతులు ఊపుతూ కొంతదూరం పరుగెత్తించి, ఆ తర్వాత ఊరికే చెట్ల మధ్య నడిపించడం నాకు చాలా ఇష్టం. ఆటలో మనకొక విల్లా కూడా ఇస్తారు. సోఫాలూ బల్లలూ మార్చి మనకు నచ్చినట్టు సర్దుకోవచ్చు. మొదటిసారి లోపలికి వెళ్ళగానే నా కళ్ళు చీపురు కోసం వెతికాయి. చీపురు లేదు, దుమ్మూ లేదు, ఎవరూ కాఫీ అడగలేదు. రెండు నిమిషాలు నిలబడి, తలుపు దాటి మళ్ళీ రోడ్డెక్కాను.

ఇక్కడ మీకు మా కుటుంబ యాత్రల గురించి చెప్పాలి. మేము తిరగని కుటుంబం కాదు. అరకు వెళ్ళాం, ఊటీ వెళ్ళాం, ఏటా తిరుపతి వెళ్తాం. ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచి నా ప్రయాణం మొదలవుతుంది. పులిహోర, చపాతీలు, అత్తయ్యగారి మాత్రలు, పిల్లల స్వెట్టర్లు, మా వారి ఛార్జర్, వాంతులకు నిమ్మకాయ. ఎక్కిన దగ్గర్నుంచీ బ్యాగులు లెక్కపెట్టడం, దిగేటప్పుడు తలలు లెక్కపెట్టడం. బొర్రా గుహల దగ్గరకు వెళ్ళి కూడా గుహలు చూడని మనిషిని నేను. లోపల మెట్లు ఎక్కువ, అత్తయ్యగారు దిగలేరన్నారు. ఆవిడకు తోడుగా, బ్యాగులకు కాపలాగా బయట బెంచీ మీద కూర్చున్నాను. రుషికొండ బీచిలో అందరూ నీళ్ళలోకి పరుగెత్తితే, ఒడ్డున పది చెప్పులు, మూడు ఫోన్లు, ఒక కళ్ళజోడు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ కూర్చోమని చెప్పలేదు. ఎవరి చెప్పులు వాళ్ళు నా ముందు విడిచి వెళ్ళారు, అంతే. ఫొటోల్లో చూడండి, ప్రతి ఊళ్ళోనూ నేనున్నాను. ఒళ్ళో ఒక బ్యాగు కూడా ఉంటుంది.

కవావీలో నా ముందు ఎవరూ చెప్పులు విడవరు. ఒక రాత్రి గుర్రం మీద పోతుంటే ఈ సంగతి తట్టింది. ఆ తర్వాత చాలాసేపు నిద్రపట్టలేదు.

మన భాషలో ఒక సామెత ఉంది, మీరు కూడా వినే ఉంటారు. తిరిగి ఆడది చెడుతుంది, తిరక్క మగవాడు చెడతాడు అని. నేను చదివింది తెలుగు బి.ఏ. కాబట్టి మాటల దగ్గర ఆగడం నాకు అలవాటు. మగవాడు తిరిగితే లోకం చూసినవాడు. అదే ఆడది తిరిగితే వచ్చే మాటను నేను ఇక్కడ రాయను, మీకు తెలుసు. తిరుగలి కూడా తిరుగుతుంది కానీ ఉన్నచోటే తిరుగుతుంది, పైగా పిండి ఇస్తుంది. మన తిరుగుడు కూడా అలా ఏదో ఒకటి ఇవ్వాలి. కూరగాయల కోసం వెళ్ళొచ్చు, గుడికి వెళ్ళొచ్చు, పిల్లల ఫీజు కట్టడానికి వెళ్ళొచ్చు, పేరంటానికి వెళ్ళొచ్చు. మా వారు సాయంత్రం చెప్పులేసుకుని “అలా తిరిగొస్తా” అని వెళ్తారు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగరు, నేను కూడా అడగను. ఆ మాటే నేను ఒక్కరోజంటే, ముగ్గురు మూడు గదుల్లోంచి “ఎక్కడికి?” అంటారు. కోప్పడి కాదు, పాపం, అర్థంకాక.

మా అత్తయ్యగారికి డెబ్బై నాలుగు. వీధిలో ఏ ఆడపిల్ల స్కూటీ మీద రెండుసార్లు కనబడినా పైన చెప్పిన సామెత ఆవిడ నోట్లోంచి వచ్చేది. నేను టీవీ ముందు చేతులు ఊపుతుంటే దివాన్ మీద పడుకుని మొదట్లో విసుక్కునేవారు. వారం తర్వాత విసుగు తగ్గింది. పది రోజులయ్యాక “ఆ కొండ అవతల ఏముందో పోనివ్వు” అన్నారు. ఇంకో నాలుగు రోజులకు “ఆ మంచులోకి నన్ను దింపు” అన్నారు.

ఒక జాయ్‌కాన్ ఆవిడ చేతిలో పెట్టి, జారిపోకుండా తాడు మణికట్టుకి బిగించాను. ఇద్దరు ఆడితే తెర రెండుగా చీలుతుంది, ఎవరి దారి వాళ్ళది. మోకాళ్ళ నొప్పులతో మా మేడ మెట్లు ఎక్కని మనిషి మంచులో గోడకు గుద్దుకుంటూ, వెనక్కి తిరుగుతూ, మళ్ళీ గుద్దుకుంటూ అరగంట తిరిగారు. నేను నా సగం తెరలో ఆవిడ వెంట నడవబోతే “నువ్వు నీ దారిన పో అమ్మాయ్, నేనొస్తాలే” అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను అలా వదిలిపెట్టడం అదే మొదలు.

ఆ రాత్రి ఆట ఆపాక ఆవిడ కొవ్వూరు కబుర్లు చెప్పారు. ఆవిడ పుట్టిల్లు అదే. గోదావరికి ఇవతల కొవ్వూరు, అవతల రాజమండ్రి. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చేదాకా రైలెక్కని వాళ్ళు నది దాటాలంటే లాంచీయే. గోష్పాద రేవు మెట్ల మీద కూర్చుని లాంచీలు చూసేవారట. అన్నదమ్ములు సినిమాకనీ, ఊరికేననీ అవతలికి పోయేవాళ్ళు. ఒకసారి తనూ వస్తానంటే వాళ్ళ నాన్నగారు ఒకే ఒక్క మాట అడిగారట, “నీకక్కడ ఏం పని?” అని. “పనేం లేదని ఎలా చెప్పను? చెప్పలేకపోయాను” అన్నారు అత్తయ్యగారు. ఆ తర్వాత గోదావరి ఎన్నోసార్లు దాటారు, పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ కర్మకాండలకీ. ఊరికే మాత్రం ఒక్కసారీ దాటలేదు.

మేముండేది విజయవాడ. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ మధ్యలో భవానీ ద్వీపం ఉంది. ఇన్నేళ్ళలో మూడుసార్లు వెళ్ళాం, మూడుసార్లూ చుట్టాలను తీసుకుని, క్యారేజీలు మోసుకుని. మొన్న ఒక బుధవారం, పిల్లలు కాలేజీకీ స్కూలుకీ, మా వారు ఆఫీసుకీ వెళ్ళాక, “అత్తయ్యా, పడవెక్కుదామా?” అన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. చీర మార్చుకొచ్చారు.

ఆటోలో పున్నమి ఘాట్‌కి వెళ్ళి టిక్కెట్లు తీసుకున్నాం. నా చేతిలో చిన్న పర్సు, ఒక నీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు. పడవలో ఆవిడ రెండుసార్లు “సంచీ ఏదీ?” అన్నారు. లేదని చెప్పాను. దీవిలో చెట్ల కింద మెల్లగా ఓ వంద అడుగులు వేశాం, కూర్చున్నాం, మళ్ళీ నడిచాం. ఒకచోట గడ్డి మెత్తగా ఉందని ఆవిడ చెప్పులు విడిచారు. నాలుగడుగులు వేసి ఆగి “చెప్పులు ఎవరు చూస్తారే?” అన్నారు. “ఎవరూ చూడరు, పోతే పోయాయి, రండి” అన్నాను. ఎంత నవ్వారో! వచ్చేటప్పటికి చెప్పులు అక్కడే ఉన్నాయి లెండి.

సాయంత్రం మా వారికి విషయం తెలిసి “మీరిద్దరే వెళ్ళారా? ఏం పని మీద?” అన్నారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు “పనేమీ లేదురా, అలా తిరిగొచ్చాం” అన్నారు. ఆయన కాసేపు వాళ్ళమ్మ వంక, కాసేపు నా వంక చూసి “మందులు వేసుకున్నావా అమ్మా?” అన్నారు. ఏదో ఒకటి అనాలి కదా.

ఒక వీడియో గేమ్ జీవితాన్ని మార్చేసిందని చెప్పడానికి ఇదంతా రాయలేదు. కవావీలో కాళ్ళు నొప్పి పుట్టవు, గాలికి వాసన ఉండదు, ఎంత తిరిగినా నా మడమలకు ఒక్క గడ్డిపరక అంటదు. పైగా పిల్లల పరీక్షలొస్తే ఆ పెట్టె బీరువాలోకి పోతుంది. కానీ పని లేకుండా ఒకచోటికి వెళ్ళడం కూడా అభ్యాసం మీద వచ్చే విద్యేనని నాకు అక్కడే తెలిసింది. మొదటి రోజుల్లో దీవిలో ఊరికే నడుస్తుంటే కూడా ఏదో ఎగ్గొట్టినట్టు మనసు పీకేది. పదిహేను రోజులకు ఆ పీకుడు పోయింది. ఆ అలవాటే లేకపోతే బుధవారం ఆ మాట నా నోట్లోంచి వచ్చేది కాదు.

మా వారి మాటను ఈ మధ్య నేనూ వాడుతున్నాను. తిరిగొస్తాను అనడంలో తిరగడమూ ఉంది, ఇంటికి రావడమూ ఉంది. ఇంట్లోవాళ్ళకు రెండోది వినబడితే మొదటిదానికి అంత భయపడక్కర్లేదు. ఇప్పటికి మూడు గదుల్లోంచి వచ్చే “ఎక్కడికి?” ఒక గదికి తగ్గింది. అది మా అబ్బాయి గది, వాడికి సాయంత్రం టిఫిన్ బెంగ.

వచ్చే నెల అత్తయ్యగారిని కొవ్వూరు తీసుకెళ్దామనుకుంటున్నాను. పెళ్ళి లేదు, పేరంటం లేదు. రేవు మెట్ల మీద కాసేపు కూర్చుని వద్దామని. మీరు చివరిసారి చేతిలో సంచీ లేకుండా, ఏ పనీ చెప్పకుండా గడప దాటింది ఎప్పుడో గుర్తుంటే నాకు రాయండి. గుర్తు రాకపోతే అదీ రాయండి.