మడి కట్టుకొన్న యంత్రము

కంప్యూటరనగా ఇంటిల్లిపాదికిని పనికివచ్చు వస్తువు. పిల్లల పాఠములు, కరెంటు బిల్లు, రైలు టిక్కెట్టు, సినిమా, అన్నియు దానియందే జరుగును. అట్లుగాక ఒకే పనికి, అదియు సంగీతమునకు మాత్రమే, ఒక యంత్రమును మేమీ యేడు విడిభాగములుగా కొని యింటనే కూర్చుకొంటిమి. నరసరావుపేటలో బడిపంతులు జీతముమీద నడచు సంసారమునకు ఇదేమి విలాసమని బంధువులు నవ్విరి. విలాసము కాదని మా నమ్మకము. అందులకు కారణములను వంటయింటి మాటలలోనే విన్నవించుచున్నాము.

మా అమ్మాయికి పదునారేండ్లు, ఫిడేలు నేర్చుచున్నది. ఫిడేళ్లు, చెల్లోలు, వేణువులు, కొమ్ములు, భేరులు కలిసి పలుకు పాశ్చాత్య వాద్యబృందమునకు స్వరరచన చేయవలెనని దాని కోరిక. నూర్గురు వాద్యకారులను పిలిపించు శక్తి మాకెక్కడిది? అట్టివారికొరకే శాంపిల్ లైబ్రరీలు పుట్టినవి. వానిని నాదకోశములనవచ్చును. లండనులోని బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా వాద్యకారులచేత మైదా వేల్ స్టూడియోలో పలికించి, స్పిట్‌ఫైర్ ఆడియో అను సంస్థ 2019లో అట్టి కోశమొకటి వెలువరించినది. అందు 99 మంది వాద్యకారుల నాదమున్నది. దాని సంపూర్ణ ప్రతి సుమారు 600 గిగాబైట్లు. ఒక్క స్వరమునే మెల్లగా, మధ్యమముగా, బిగ్గరగా పలికింతురు. కమానుతో సాగదీసియు, వ్రేలితో మీటియు పలికింతురు. పలుచోట్ల మైకులుంచి గ్రహింతురు. అందుకే అంత బరువు.

ఈ యుపాయము నేటిది కాదు. 1963లో ఇంగ్లండున వెలువడిన మెల్లోట్రాన్ అను వాద్యములో ఒక్కొక్క మీటక్రింద ఒక్కొక్క టేపుముక్క యుండెడిది. సుమారు ఎనిమిది సెకనులు పలికి యాగిపోయెడిది. నేడు టేపు స్థానమున కంప్యూటరున్నది.

ఇక యంత్రము పని వినుడు. డిస్కు కొట్టుగది, ర్యాము వంటగట్టు, ప్రాసెసరు వంటమనిషి. కొట్టులోని సరకంతయు గట్టుమీదికి చేరదు. కావున ప్రతి స్వరపు మొదటి తునకను మాత్రము ర్యాములో సిద్ధముగానుంచి, మీట నొక్కినపుడు తక్కినది డిస్కునుండి తెచ్చుకొందురు. మొదటి వడ్డన గట్టుమీద నున్నచో, రెండవ వడ్డన కొట్టునుండి వచ్చులోపల పంక్తి ఆగదు గదా! 1998లో వచ్చిన గిగాశాంప్లర్ అను సాఫ్టువేరుతో ఈ పద్ధతి వ్యాపించినది.

నాదము సెకనుకు 44,100 తునకలుగా బయటికి వచ్చుననుకొనుడు. ప్రాసెసరు వానిని 256 తునకలు పట్టు గిన్నెతో అందించుచో, ఆ గిన్నెను సెకనుకు సుమారు 172 మారులు నింపవలెను. ఒక్క మారు ఆలస్యమైనను టప్పుమని పగులు వినబడును. గిన్నెను పెద్దది చేసిన పగులు పోవును గాని, మీట నొక్కిన పిదప స్వరము తడసి వచ్చును. వాయించువారి చేయి తాళము తప్పును. ఇంటి పనులన్నిటికిని వాడు యంత్రములో, సరిగా ఆ క్షణముననే వైరస్ పరీక్షయో, అప్‌డేటో వచ్చి వంటమనిషిని పిలుచును. మా వారు ఈ సంగతి చెప్పుచుండగా అత్తగారు, "మడి కట్టుకొన్నదానిని నడుమ అంగడికి పంపుదుమటే, అమ్మాయీ?" అనిరి. అంతకంటె స్పష్టముగా మరెవ్వరు చెప్పగలరు? ఆటలు, సినిమాలు, బిల్లులు ఆ యంత్రమునకు నిషిద్ధములైనవి.

గుంటూరులో అంగడివారు రంగుదీపముల గ్రాఫిక్సు కార్డును కొనుమని పట్టుబట్టిరి. స్వరములకు దానితో పనిలేదు. ప్రాసెసరులోనున్న చిత్రశక్తియే చాలునని వలదంటిమి. ఆ సొమ్ముతో 32 గిగాబైట్ల ర్యాములు రెండు, నాదములకు వేరుగా 2 టెరాబైట్ల ఎన్‌.వి.ఎమ్‌.ఇ. డిస్కు ఒకటి కొంటిమి. ర్యాముకు రెండు గూళ్లు ఖాళీగానుంచితిమి. ముందుముందు అవసరమైన నింపుకొనవచ్చును. మెల్లగా తిరుగు పెద్ద ఫ్యానులు పెట్టించితిమి. ఫ్యాను రొద వినుచు మంద్రస్వరము నెట్లు తూచుట? రెంటచింతల యెండ పేరుమోసినది గదా. మా పల్నాటి వేసవిలో వేడెక్కిన ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. అందుచే యంత్రమును ఎండతగులని గదిలో, పొయ్యికి దూరముగా నుంచి, కరెంటు పోయినపుడు ఆదుకొనుటకు యు.పి.ఎస్. అమర్చితిమి.

ఈ సొమ్ము అమ్మాయి గొలుసునకై మేము చీటీలు కట్టి కూడబెట్టినది. గొలుసా, యంత్రమా యని దానినే యడిగితిమి. అది యంత్రమనినది. మెడలో బంగారము లేని పిల్లను చూచి రేపు వియ్యాలవారేమందురో యను బెంగ మాకును లేకపోలేదు. కాని చేతనున్న విద్య యెరవు వస్తువు కాదు గదా!

ఇక మమ్ము కలచిన ప్రశ్న యొకటి. యంత్రము వాద్యకారుల కూడు తీయదా? తీసినది. చెన్నపట్టణపు స్టూడియోలలో పాటకు పదులకొలది వాద్యకారులు కూడెడివారు. కీబోర్డులు, కంప్యూటర్లు వచ్చిన పిదప ఆ పిలుపులు తగ్గినవి. మా జిల్లాలోని చిలకలూరిపేట నాదస్వరమునకు పెట్టినది పేరు. షేక్ చినమౌలానా గారు (1924-1999) అచటి షేక్ ఆదం సాహెబు గారియొద్ద శిక్షణ పొందిన విద్వాంసులు. పరదేశపు కోశములో వారి వాద్యము లేదు. ఉన్నను, తోడిలో ఊగుచు పలుకవలసిన గాంధారము, విడివిడిగా పట్టిపెట్టిన స్వరములనుండి పుట్టదు.

కావున మా యింట నొక నియమమేర్పరచితిమి. పిలువలేని నూర్గురికి బదులు యంత్రము. పిలువగలవారిని పిలిచియే తీరవలెను. అమ్మాయి తొలి రచనకు మేళగాని నొకని పిలిపించి, అడిగిన సంభావన చేతికిచ్చి, నాదస్వరము పట్టించితిమి. ఆయన యొకచోట, "ఇక్కడ ఊపిరి తీయుటకు చోటు లేదమ్మా" యనెను. యంత్రమునకు ఊపిరి యక్కరలేదు. అమ్మాయి ఆ పంక్తిని తిరుగ వ్రాసినది. నాటినుండి కొమ్ములకు, వేణువులకు వ్రాయునపుడును తాను ముందు పాడి, ఊపిరికి చోటు విడిచి వ్రాయుచున్నది.